బోదకాలు - నర్సు నేర్పిన పాఠము

గోదావరి డెల్టా గ్రామములలో బోదకాలు పాత వ్యాధి. కాలు కొద్దికొద్దిగా లావెక్కి, చర్మము మొద్దుబారి, మడతలు పడి, చివరకు ఏనుగు కాలును తలపించును. ప్రాణము తీయు వ్యాధి కాకపోయినను, ఇది కూలివాని కూలిని, ఆడపిల్ల పెండ్లి సంబంధమును, నలుగురిలో తిరుగు ధైర్యమును హరించును. దీనిపై సాగిన పోరాటములో సూక్ష్మదర్శిని పట్టినవారి పేర్లు, మందు కనుగొన్నవారి పేర్లు గ్రంథములకెక్కినవి. సబ్బు, చెంబెడు నీళ్లు, మెత్తని గుడ్డ తీసికొని రోగి యింటి అరుగుపై కూర్చున్న నర్సు చేసిన పనియు ఆ చరిత్రలో ఒక అధ్యాయమే.

మొదట కారణము తెలియవలసి వచ్చెను. ఈ వ్యాధికి మూలము దారము వంటి సన్నని పురుగు. పెద్ద పురుగులు శోషరస నాళములలో కాపురముండి, కంటికి కనబడని పిల్లలను లక్షల కొలది రక్తములోనికి విడుచును. 1872లో కలకత్తాలో తిమోతీ లూయిస్ ఈ పిల్లలను మానవ రక్తములో చూచెను. 1877లో చైనాలోని అమోయ్ పట్టణమున పాట్రిక్ మాన్సన్ ఇవి దోమ శరీరములో పెరుగునని కనిపెట్టెను. పగలు లోపలి అవయవములలో దాగి, రాత్రి వేళ చర్మమునకు చేరువలోని రక్తములోనికి ఇవి వచ్చునని కూడ ఆయన గమనించెను. ఫైలేరియా సిబ్బంది రాత్రిపూట ఇల్లిల్లు తిరిగి వ్రేలి నుండి రక్తపు చుక్క తీయుటకు కారణమిదియే. ఈ పురుగును మోయు క్యూలెక్స్ దోమ మురుగునీటిలో గ్రుడ్లు పెట్టును. డెల్టా నేల పల్లము. నీరు త్వరగా పోదు. మురుగుకాలువలు, పెరటి గుంటలు దానికి పుట్టినిండ్లయినవి.

తరువాత మందు వచ్చెను. 1895లో భీమవరమున జన్మించి, బాల్యమున రాజమండ్రిలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాల పరిశోధనలకు నాయకుడయ్యెను. ఆయన ఆధ్వర్యమున పనిచేసినవారు 1947లో డైఇథైల్‌కార్బమజీన్ అను మందు ఫైలేరియాపై పనిచేయునని చూపిరి. తాను పుట్టిన సీమను పీడించు వ్యాధికి తన ప్రయోగశాలలోనే మందు దొరికిన మరుసటి సంవత్సరమే, 1948లో, ఆయన మరణించెను. 1955లో భారత ప్రభుత్వము జాతీయ ఫైలేరియా నివారణ కార్యక్రమమును ప్రారంభించెను. ఈ పనికి సిబ్బందిని తయారుచేయు శిక్షణ, పరిశోధన కేంద్రములలో ఒకటి రాజమండ్రిలో ఏర్పడెను.

అయితే ఈ మందుకు ఒక హద్దు కలదు. అది రక్తములోని పురుగు పిల్లలను చంపి, వ్యాధి మరియొకరికి ప్రాకకుండ ఆపును. చెడిన శోషరస నాళములను బాగుచేయలేదు. ఏండ్ల తరబడి వాచిన కాలుగలవాడు మాత్రలు మ్రింగి, కాలు తగ్గకపోవుట చూచి, ఇక చేయదగినది లేదని ఇంట కూర్చుండెడివాడు. నడుమ నడుమ చలిజ్వరము వచ్చును, గజ్జలలో బిళ్ల కట్టును, కాలు ఎఱ్ఱబడి మండును. జ్వరము తగ్గిన తరువాత వాపు మునుపటికంటె మరికొంత పెరిగియుండును.

ఈ జ్వరములలో అధిక భాగమునకు కారణము పురుగు కాదని 1990వ దశకములో బ్రెజిల్ దేశపు రెసీఫె నగరమున డాక్టర్ జెరూజా డ్రేయర్, ఆమె సహచరులు తేల్చి చెప్పిరి. శోషరసము కదలక నిలిచిన కాలిలో బాక్టీరియాను ఎదిరించు శక్తి తగ్గును. కాలివ్రేళ్ల సందున ఒరిసిన చోట, మడతలో చెమ్మగిల్లిన చోట బాక్టీరియా లోనికి చొచ్చును. ఆ ద్వారములను మూసినచో జ్వరములు తగ్గును. జ్వరములు తగ్గినచో వాపు పెరుగుట నిలుచును. ద్వారము మూయుటకు కావలసినవి సబ్బు, నీరు, ప్రతిదినము కొంత శ్రద్ధ. రెసీఫెలో రోగులు సంఘములుగా కూడి ఈ శుశ్రూషను ఒకరికొకరు నేర్పుకొనిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000లో ప్రారంభించిన నిర్మూలన కార్యక్రమమునకు రెండు అంగములు కలవు: అందరికి మందు పంచుట ఒకటి, వ్యాధిగ్రస్తులకు శుశ్రూష నేర్పుట రెండవది. భారతదేశమున సామూహికముగా మందు పంచుట 2004లో మొదలయ్యెను. నాటి తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలు రెండును అందులో చేరినవి.

రెండవ అంగము నర్సుల చేతిమీదుగా నడువవలసినది. నర్సు ఇంటికి పోయి ఆరోగ్యము బోధించుట కొత్త విషయము కాదు. 1892లోనే ఫ్లారెన్స్ నైటింగేల్ ఇంగ్లండులోని బకింగ్‌హామ్‌షైర్ పల్లెలలో తల్లులకు ఆరోగ్య పాఠములు చెప్పు స్త్రీలకు శిక్షణ ఇప్పించెను. మన గ్రామములలో ఆ పని ‘నర్సమ్మ’ అని జనము పిలుచు ఏ.ఎన్.ఎం.లకు వచ్చినది.

ఆమె నేర్పు పాఠము ఇది. కాలిని వేడినీటితో కాక మామూలు శుభ్రమైన నీటితో, సాధారణమైన సబ్బుతో, వాపు మొదలైన పైభాగము నుండి పాదము వరకు కడుగవలెను. మడతలను, వ్రేళ్ల సందులను విడదీసి కడుగవలెను. మెత్తని గుడ్డతో రుద్దక అద్దవలెను. సందులలో తడి నిలువరాదు. పుండు, పగులు ఉన్నవేమో చూచి పైపూత మందు రాయవలెను. కూర్చున్నపుడు, పండుకొన్నపుడు కాలిని ఎత్తుగా ఉంచి, మడమను ఎత్తుచు దించుచు, చీలమండను త్రిప్పుచుండవలెను. ఒరయని చెప్పులు తొడుగవలెను. జ్వరము వచ్చినపుడు మాత్రము వ్యాయామము మాని, విశ్రాంతి తీసికొని, వైద్యుని చూడవలెను.

ఇంత సులభమైనదానికి నర్సు ఎందుకని అడుగవచ్చును. చెప్పిన మాట మరచిపోవచ్చును. చేసిన పని చేతికి అలవడును. అందుచే మంచి నర్సు మొదట తాను కడిగి చూపి, పిమ్మట రోగిచేతనే కడిగించి, తప్పు దిద్దును. వంగలేని ముసలివారికైనచో ఇంటిలోని కోడలికో మనుమనికో నేర్పును. తన కాలిని ఇతరులు ముట్టరని సిగ్గుపడిన మనిషి ఎదుట నర్సు ఆ కాలిని చేతులతో పట్టుకొని కడుగుటయే పాఠములో సగము.

పాఠశాలలో ఫైలేరియా పాఠము దోమతో మొదలై మందుతో ముగియుచున్నది. ఉపాధ్యాయులు దానికి ఈ శుశ్రూషను కూడ చేర్చినచో, ఇంట అవ్వ కాలివ్రేళ్ల సందులను చూడగల పిల్లలు ప్రతి పల్లెలోను తయారగుదురు. మందు రాబోవు తరమును కాపాడును. ఇప్పటికే వాచిన కాలిని కాపాడవలసినది ఈ దినచర్యయే.