కాంగో రబ్బరు, లండను దౌత్యము

బెల్జియము ప్రభువైన రెండవ లియోపోల్డు 1885లో కాంగో నదీప్రాంతమునకు స్వతంత్రాధిపతి యైనప్పుడు, బెర్లిన్ మహాసభలో కూడిన రాజ్యములు అందుకు సమ్మతించుటకు హేతువు, అచ్చట వర్తకము సర్వులకును తెరచియుండుననియు, స్థానిక ప్రజల క్షేమము రక్షింపబడుననియు కలిగిన నమ్మకమే. వీనిలో మొదటిది భగ్నమైనదని తెలిసిన పిమ్మటనే రెండవదానిపై లండను నగరమునకు కనికరము పుట్టెనని నాకు తోచుచున్నది. ఏలయన, 1890లోనే జార్జి వాషింగ్టన్ విలియమ్స్ అను అమెరికన్ నల్లజాతి చరిత్రకారుడు కాంగోను కన్నులార చూచి, అచ్చటి ఘోరములను నిందించుచు రాజునకు బహిరంగలేఖ వ్రాసెను. ఆలకించిన రాజ్యమొక్కటియు లేదు.

తరువాత ఈ ఘోరమును బయలుపెట్టినది ఏ రాయబారియు గాడు, ఒక ఓడల కంపెనీ గుమాస్తా. ఇ. డి. మోరెల్ ఆంట్వెర్ప్ రేవున సరకుల పద్దులు సరిచూచుచు, కాంగోనుండి వచ్చు ఓడలు రబ్బరుతోను ఏనుగుదంతముతోను నిండియుండుటయు, పోవు ఓడలలో తుపాకులు, తూటాలు తప్ప మారకమునకు తగిన సరకు మిక్కిలి కొద్దిగా నుండుటయు గమనించి, వెలయీయక తెచ్చునది వర్తకము గాదు, వెట్టి యని నిర్ణయించెను. అడవితీగెల పాలు విధించినంత తేనియెడల ఆడువారిని బందీలుగా నుంచుట, ఊళ్లు తగులబెట్టుట, కాల్చిన తూటాకు లెక్కగా నరికిన కుడిచేతిని సైనికుడు అధికారికి చూపుట అచ్చటి పద్ధతి.

1903 మే నెలలో బ్రిటిషు కామన్సు సభ కాంగో విషయమై తీర్మానించిన మీదట, బ్రిటిషు కాన్సలు రోజర్ కేస్‌మెంట్ నదికి ఎదురేగి లోనాడులకు పోయెను. ప్రభుత్వపు పడవ నెక్కినచో చూపదలచినదే చూపుదురని కాబోలు, మిషనరీల పొగయోడను అద్దెకు తీసికొనెను. 1887లో ఐదువేల జనముండిన లుకోలేలాలో అప్పటికి ఆరువందలైనను మిగులలేదు. 1904 ఫిబ్రవరిలో అతని నివేదికను అచ్చువేసిన బ్రిటిషు విదేశాంగశాఖ మాత్రము, బాధితుల పేర్లను, బాధించినవారి పేర్లను కూడ తీసివేసి ఉత్త అక్షరములను గుర్తులుగా నుంచెను. కేస్‌మెంట్ మండిపడెను, పేరులేని సాక్షిని అబద్ధీకుడనుట బ్రస్సెల్సుకు సులభమే గదా!

విదేశాంగశాఖవారి ఈ జంకు అకారణము గాదు. సియెర్రా లియోనులో గుడిసెపన్ను వేసి, 1898లో అందుపై రేగిన తిరుగుబాటును తుపాకులతో నణచినవారు, లియోపోల్డు కాంగోకు పొరుగున ఫ్రెంచి కాంగోలో ఇట్లే వెట్టి చేయించు కంపెనీలను అంతగా తప్పుపట్టనివారు, లియోపోల్డును గద్దించినప్పుడు గురివిందగింజ సామెత వారికే తగులును.

1908 నవంబరులో బెల్జియము కాంగోను రాజునొద్దనుండి గైకొనెను. బ్రిటను దాదాపు ఐదేండ్లు దానిని గుర్తింపక యుండెను. దౌత్యము చేసిన మేలిదియే, చిన్నది గాదు, రబ్బరు వెట్టి నానాటికి సడలెను. కాని జర్మనీ భయము హెచ్చినకొలది బెల్జియము స్నేహము ప్రియమగుచువచ్చి, 1913లో గుర్తింపు లభించెను. మోరెల్ మొదటినుండి పట్టుబట్టిన భూమిహక్కు కాంగో ప్రజలకు రాలేదు. 1910లో విధించిన తలపన్నును రొక్కముగా చెల్లించుటకై వారు దొరల గనులకును తోటలకును కూలికి పోవలసివచ్చెను.