జబ్బు రోజుల భత్యం, మగ్గం మీది చిల్లర సంపాదన: మొఘల్‌పురా కథ

ఒంట్లో బాగాలేక పనికి పోని రోజులకు కార్మికుడికి వచ్చేది అనారోగ్య భత్యం. అవే రోజుల్లో ఇంటిపట్టున కూర్చుని, సరదాగా నేర్చుకున్న చేతిపనితో నాలుగు రూపాయలు సంపాదిస్తే ఆ భత్యం నిలుస్తుందా, పోతుందా? ఈ ప్రశ్నకు మన దేశంలో 1948 నుంచి చట్టం ఒక జవాబు చెబుతూనే ఉంది. అయితే ఆ జవాబును రాసింది మిల్లులను, ఫ్యాక్టరీలను దృష్టిలో పెట్టుకుని. హైదరాబాదు పాతబస్తీలో చార్మినార్‌కు దగ్గరగా, శాలిబండ, సుల్తాన్‌షాహీల పక్కన ఉన్న మొఘల్‌పురా వంటి పేటల్లో పని నడిచే తీరు వేరు. ఇక్కడ కార్ఖానాకూ పడగ్గదికీ మధ్య చాలాసార్లు గోడ కూడా ఉండదు.

పాతబస్తీ ఇళ్లలో తరాలుగా సాగుతున్న చేతిపనుల్లో పేరున్నది కార్చోబ్. తెలుగువాళ్లు దీన్నే మగ్గం వర్క్ అంటారు. నాలుగు కర్రల చట్రానికి బట్టను డోలు తోలులా బిగించి, చట్రాన్ని కాస్త ఎత్తున పెట్టి, కాళ్లు దాని కిందికి చాపుకుని నేల మీదే కూర్చుంటారు. ముందుగా పల్చటి కాగితం మీద నమూనా గీసి, గీత వెంబడి సూదితో చిల్లులు పొడుస్తారు. దాన్ని బట్ట మీద పరిచి, కిరోసిన్‌లో కలిపిన తెల్లపొడిని గుడ్డతో రుద్దితే నమూనా చుక్కలు చుక్కలుగా దిగుతుంది. ఆ తర్వాత కొక్కెం సూది పని మొదలవుతుంది. కుడిచెయ్యి పైనుంచి గుచ్చితే, ఎడమచెయ్యి కింద నుంచి దారం అందిస్తుంది. సల్మా, దబ్కా, సితారా, పూసలు ఒక్కొక్కటే ఎక్కుతాయి. మెడ, నడుము, కళ్లు ఈ పనికి చెల్లించే మూల్యం పెద్దది. అయినా మంచాన పడేంత జబ్బు కాకపోతే గంటో అరగంటో కూర్చుని చేయగల పని కూడా ఇదే. మిషన్ ముందు ఎనిమిది గంటలు నిలబడలేని మనిషి కార్చోబ్ ముందు కాసేపు కూర్చోగలడు. చట్టానికి వచ్చిన చిక్కంతా ఇక్కడే మొదలైంది.

నిజాం కాలంలో ఈ విద్యకు రెండు ముఖాలు ఉండేవి. కార్ఖానాల్లో ఉస్తాదుల చేతికింద మగవాళ్లు జీవనోపాధిగా చేసేది ఒకటి. పరదా పాటించే కుటుంబాల ఆడపిల్లలు షౌక్‌గా, అంటే సరదాగా, పెళ్లిబట్టల కోసం నేర్చుకునేది రెండోది. అప్పట్లో జబ్బు పడ్డవాడికి ఆదరువు హక్కుగా దొరికేది కాదు. దేవిడీని (దొర భవంతిని) నమ్ముకున్న నౌకరుకు దొర దయ ఉంటే మందు, భోజనం దక్కేవి. సర్కారు కొలువు చేసినవారికి వజీఫా (పింఛను) ఉండేది. మిగిలినవారికి దానం, జకాత్, బంధువులు. 1948 సెప్టెంబరులో హైదరాబాదును భారత యూనియన్‌లో కలిపిన పోలీసు చర్య జరిగింది. 1949లో నిజాం సొంత భూములైన సర్ఫ్-ఎ-ఖాస్ ప్రభుత్వ భూముల్లో (దివానీలో) కలిసిపోయింది, అదే ఏడు జాగీర్లు రద్దయ్యాయి. వాటి మీద బతికిన పాతబస్తీ కుటుంబాలకు రాబడి ఒక్కసారిగా తగ్గింది. షౌక్‌గా నేర్చిన కుట్టుపని అలాంటి ఇళ్లలో ఉప్పుకూ పప్పుకూ ఆధారమైంది. బేరం బజారులో జరిగేది, పని ఇంట్లో జరిగేది. మధ్యవర్తి బట్టా సరుకూ తెచ్చిచ్చి, అయిన పీసులకు లెక్కగట్టేవాడు. సరదాకూ సంపాదనకూ మధ్య గీత ఎక్కడుందో ఆ ఇంటి ఇల్లాలు కూడా చెప్పలేని స్థితి అది.

అంతకు ముందే నగరానికి ఉత్తరాన మరో రకం కొలువు పుట్టుకొచ్చింది. వజీర్ సుల్తాన్ టొబాకో 1930లో, ఆల్విన్ 1942లో, ప్రాగా టూల్స్ 1943లో మొదలయ్యాయి. గంట కొడితే లోపలికి, గంట కొడితే బయటికి. హాజరు పట్టీ, నెల జీతం. మనిషి పనిలో ఉన్నాడా లేడా అన్నది గేటు దగ్గరే తేలిపోయే లోకం. అనారోగ్య బీమా పుట్టింది ఇలాంటి లోకం కోసమే.

జర్మనీలో బిస్మార్క్ 1883లో తెచ్చిన చట్టం జబ్బుపడిన కార్మికుడికి మూడో రోజు నుంచి 13 వారాల దాకా సగం కూలి ఇప్పించింది. బ్రిటన్ 1911లో నేషనల్ ఇన్సూరెన్స్ చట్టం చేసి మగవారికి వారానికి పది షిల్లింగులు, ఆడవారికి ఏడున్నర షిల్లింగులు ఇచ్చింది. అంతకు ముందు అక్కడ కార్మికులే చందాలు వేసుకుని నడిపిన పరస్పర సహాయ సంఘాలు ఉండేవి. జబ్బు పేరుతో భత్యం తీసుకుంటున్న సభ్యుడు నిజంగా ఇంట్లోనే ఉన్నాడా, చాటుగా పని చేసుకుంటున్నాడా అని చూసి రావడానికి సంఘం మనిషిని పంపేది. భత్యం ఎంత పాతదో దాని వెంట అనుమానమూ అంత పాతది.

భారతదేశంలో ఆరోగ్య బీమా పథకం తయారుచేసే పని 1943లో ప్రొఫెసర్ బి.పి. అడార్కర్‌కు అప్పగించారు. ఆయన 1944లో నివేదిక ఇచ్చారు. దాని ఆధారంగా ఉద్యోగుల రాజ్య బీమా చట్టం 1948 ఏప్రిల్‌లో వచ్చింది. అప్పటికి హైదరాబాదు ఇంకా భారత యూనియన్‌లో లేదు. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో జవాహర్‌లాల్ నెహ్రూ పథకాన్ని ప్రారంభించారు. 1955లో అది హైదరాబాదు చేరింది. జనం నోట ఈఎస్‌ఐగా స్థిరపడింది. మొదట నెలకు 400 రూపాయల లోపు సంపాదించేవారికే ఇది వర్తించేది. ఆ పరిమితి పెరుగుతూ వచ్చి 2017 జనవరి నుంచి 21,000 అయింది.

భత్యం లెక్క రోజుల మీద నడుస్తుంది. తొలినాళ్లలో ఏడాదికి 56 రోజుల వరకే ఇచ్చేవారు. రేటు సగటు రోజు కూలిలో సగానికి కాస్త పైన ఉండేది. తర్వాత అది ఏడాదికి 91 రోజులైంది, రేటు 70 శాతానికి చేరింది. ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా కట్టి ఉండాలి. మొదటి రెండు రోజులకు భత్యం రాదు. నెలకు 15,000 రూపాయల జీతగాడు పది రోజులు మంచాన పడితే, రోజుకు 350 చొప్పున ఎనిమిది రోజులకు 2,800 రూపాయలు అందుతాయి. క్షయ, క్యాన్సర్ వంటి దీర్ఘరోగాలకు అదనంగా, 80 శాతం రేటున, రెండేళ్ల వరకు పొడిగింపు ఉంది. వీటన్నిటికీ ఆధారం ఈఎస్‌ఐ డాక్టరు రాసిచ్చే సర్టిఫికెట్. మొదటిది, మధ్యలో వారం వారం ఇచ్చేవి, పనికి తగినవాడని చెప్పే చివరిది. ఈ చీటీల గొలుసులో ఒక్కటి తప్పినా డబ్బు ఆగుతుంది. కార్మికులు ఈఎస్‌ఐ గురించి చెప్పుకునే విసుగులో చాలా భాగం ఈ చీటీల చుట్టూనే తిరుగుతుంది.

చిల్లర సంపాదన సంగతి తేల్చినవి 1948 చట్టంలోని రెండు సెక్షన్లు. పనిచేసిన ఏ రోజుకైనా అనారోగ్య భత్యం రాదని 63వ సెక్షన్ చెప్పింది. జీతంతో సెలవులో ఉన్న రోజుకు, సమ్మెలో ఉన్న రోజుకు కూడా రాదంది. భత్యం తీసుకుంటున్నవాడు వైద్యుడి చికిత్సలోనే ఉండాలని, కోలుకోవడానికి అడ్డుపడే పని ఏదీ చేయకూడదని, అనుమతి లేకుండా చికిత్స పొందే ప్రాంతం వదిలి వెళ్లకూడదని 64వ సెక్షన్ చెప్పింది. అర్హత లేకుండా తీసుకున్న సొమ్మును 70వ సెక్షన్ కింద తిరిగి కట్టాల్సి వచ్చేది. అబద్ధం చెప్పి తీసుకుంటే 84వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు వేల దాకా జుర్మానా, లేదా రెండూ పడేవి. దీనికి బదులుగా కార్మికుడికి దక్కిన రక్షణ కూడా చిన్నదేమీ కాదు. అనారోగ్య భత్యం తీసుకుంటున్న కాలంలో యజమాని అతన్ని పనిలోంచి తీసేయకూడదని 73వ సెక్షన్ శాసించింది.

ఈ సెక్షన్లను మొఘల్‌పురా ఇంట్లోకి తెచ్చి చూస్తే మాట అంత సులువుగా తెగదు. చట్టం రోజును లెక్కబెడుతుంది, మగ్గం పీసును లెక్కబెడుతుంది. ఒక జాకెట్టు మెడ పని నాలుగు రోజులు సాగవచ్చు, అందులో ఒకరోజు పది నిమిషాలే సూది పట్టి ఉండవచ్చు. అది పనిచేసిన రోజేనా? ఫ్యాక్టరీలో కాలు విరిగినవాడికి కూర్చుని కుట్టడం వల్ల నష్టం లేకపోవచ్చు, నడుము నొప్పితో సెలవు పెట్టినవాడికి అదే పని విషం. 64వ సెక్షన్ ఈ తేడాను పట్టుకోగలిగేది. 63వ సెక్షన్‌కు ఆ ఓపిక ఉండేది కాదు, పనిచేస్తే ఆ రోజు పోయినట్టే. సరదాగా తనకోసమో, పెళ్లికూతురైన చెల్లెలి కోసమో కుట్టుకున్నంత వరకు ఎవరికీ పేచీ లేదు. అదే బట్టను దుకాణానికి ఇచ్చి డబ్బు తీసుకున్నప్పుడు, ఇంత పని చేయగలిగినవాడు డ్యూటీకి ఎందుకు పోలేదన్న ప్రశ్నకు జవాబు కష్టమవుతుంది.

ఇంకొక మెలిక ఉంది. నిబంధన కట్టేసేది బీమా ఉన్న మనిషిని మాత్రమే. ఇంట్లో మిగతావారి సంపాదనతో ఈఎస్‌ఐకి సంబంధం లేదు. భర్త ఫ్యాక్టరీ నుంచి సిక్ లీవులో ఉంటే, భార్య, కూతురు కార్చోబ్ మీద సంపాదించేది భత్యాన్ని ఒక్క పైసా తగ్గించదు. ఒకే చట్రానికి ఇద్దరు ముగ్గురు ఎదురెదురుగా కూర్చుని కుట్టే పనిలో ఏ పువ్వు ఎవరు కుట్టారో చెప్పగల ఇన్‌స్పెక్టర్ ఉండడు. గేటు, హాజరు పట్టీ ఉన్నచోట కట్టిన నియమం గేటు లేని చోట మనిషి నిజాయితీ మీదే ఆధారపడుతుంది.

బ్రిటన్ ఈ చిక్కును వేరే దారిలో సర్దుకుంది. అక్కడ దీర్ఘ అనారోగ్య భత్యం తీసుకునేవారికి అనుమతించిన పని అనే వెసులుబాటు ఉంది. ముందుగా తెలియజేసి, వారానికి 16 గంటల లోపు, నిర్ణీత మొత్తానికి మించకుండా సంపాదిస్తే భత్యం ఆగదు. చిన్నపాటి పని రోగి కోలుకోవడానికి తోడ్పడుతుందన్న ఆలోచన నుంచి వచ్చినదది. ఈఎస్‌ఐలో అలాంటి మధ్యేమార్గం లేదు. 91 రోజుల చిన్న భత్యానికి అది అవసరం లేదనిపించవచ్చు గానీ, రెండేళ్లు సాగే పొడిగింపు భత్యం విషయంలో లేకపోవడం లోటే.

మొఘల్‌పురా చేతిపనివారిలో ఎక్కువమందికి అసలు ఈ తగువే రాదు, ఎందుకంటే వారికి భత్యమే లేదు. సాధారణంగా పదిమందీ అంతకు మించీ పనిచేసే సంస్థకే ఈఎస్‌ఐ వర్తిస్తుంది. ఇంట్లో కూర్చుని పీసు లెక్కన కుట్టే మనిషికి యజమాని ఎవరు? న్యాయస్థానాలు ఈ ప్రశ్నను హైదరాబాదు నుంచి వచ్చిన కేసుల్లోనే కొంతదూరం నడిపించాయి. సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసులో 1973లో సుప్రీంకోర్టు, దుకాణం మిషన్ల మీద పీసు రేటుకు కుట్టేవారు, అప్పుడప్పుడు బట్ట ఇంటికి తీసుకుపోయినా, దుకాణాల చట్టం కింద ఉద్యోగులేనని తేల్చింది. 1978లో హైదరాబాదు రాయల్ టాకీస్ కేసులో, సినిమాహాలు క్యాంటీన్‌లో, సైకిల్ స్టాండులో కంట్రాక్టరు కింద పనిచేసేవారికి కూడా ఈఎస్‌ఐ వర్తిస్తుందని జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు చెప్పారు. ఈ తీర్పులు దర్జీనీ క్యాంటీన్ కుర్రాడినీ ఉద్యోగి అన్న మాట పరిధిలోకి తెచ్చాయి. సొంత చట్రం మీద, సొంత ఇంట్లో కుట్టే కార్చోబ్ ఇల్లాలు బయటే ఉండిపోయింది. ఇంటి నుంచి పనిచేసేవారి కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో చేసిన ఒడంబడికను భారతదేశం ఆమోదించలేదు.

బయట ఉన్నవారికి ప్రభుత్వం వేరే పద్దులు తెరిచింది. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ ఆసుపత్రి ఖర్చు భరిస్తుంది, పోయిన కూలి మాత్రం ఇవ్వదు. క్షయ రోగులకు పోషణ కోసం 2018 ఏప్రిల్ నుంచి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలు వస్తున్నాయి. పని మానుకోవాలన్న షరతు దానికి లేదు. తెలంగాణలో 2014 నవంబరులో మొదలైన ఆసరా పింఛన్లలో దివ్యాంగులకు మొదట 1,500 రూపాయలు, 2019లో 3,016, 2023లో 4,016 అయ్యాయి. ఇక్కడ కుటుంబ ఆదాయానికి పరిమితి ఉంది గానీ, ఫలానా రోజు పనిచేశావా అని అడిగేవారు లేరు. కుటుంబ ఆదాయం ఆ పరిమితి దాటనంత వరకు, మగ్గం మీద నెలకు కొంత సంపాదించే వికలాంగుడు పింఛను పోతుందని భయపడనక్కర్లేదు. బీడీ కార్మికుల పింఛను ఇంకా తమాషా. అక్కడ బీడీలు చుట్టే పనే అర్హతకు ఆధారం. ఒకే ఊళ్లో ఒక భత్యానికి పని ముద్దాయి, మరో భత్యానికి అదే సాక్షి.

2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చి, ఈఎస్‌ఐ చట్టాన్ని తనలో కలుపుకుంది. ఇంటి నుంచి పనిచేసే కార్మికుడిని అది నిర్వచించింది. యజమాని కోసం తన ఇంట్లోనో, తాను ఎంచుకున్న మరో చోటో ప్రతిఫలానికి వస్తువులు తయారుచేసే వ్యక్తి అని, సరుకూ పనిముట్లూ ఎవరు సమకూర్చినా సరేనని స్పష్టం చేసింది. అలాంటివారిని అసంఘటిత కార్మికుల్లో చేర్చింది. అసంఘటిత, గిగ్ కార్మికులకు ఈఎస్‌ఐ ప్రయోజనాలు అందేలా పథకం రూపొందించే వీలును కూడా కేంద్రానికి ఇచ్చింది. కార్చోబ్ పనివారికి ఆ దారిలో అనారోగ్య భత్యం దక్కాలంటే, పీసు లెక్కన నడిచే పనిలో ఏది పనిరోజు, ఏది జబ్బురోజు అన్నది ముందుగా ఆ పథకమే నిర్ణయించాలి.