అర్జీ రాసిన చేత్తోనే

బొబ్బిలి అనగానే తెలుగువాళ్ళకి గుర్తొచ్చేది 1757 జనవరి 24. బుస్సీ ఫిరంగులు, విజయరామరాజు పగ, తాండ్ర పాపారాయుడి కత్తి. ఆ యుద్ధాన్ని జంగాలు పాడారు, బుర్రకథల వాళ్ళు పాడారు, 1964లో సినిమా తీశారు. ఓర్మ్ అనే ఇంగ్లీషు చరిత్రకారుడూ రాశాడు. అందరూ కోటలోని వాళ్ళ పౌరుషమే చెప్పారు. ఆ కోట మట్టికోట. ఆ మట్టి తవ్విందెవరు, మోసిందెవరు, తొక్కిందెవరు? నేను విన్న ఏ కథలోనూ ఆ మాట లేదు. బొబ్బిలిలో పుట్టి రాయాలనుకునే దళితుడికి మొదట ఎదురయ్యేది ఈ ఖాళీయే.

మా తాత కంబారి. ఏడాదికిన్ని గింజలని ఒప్పుకొని రైతు పశువుల సాలలో బతికాడు. మా అయ్య జూట్ మిల్లు కూలీ. మా అమ్మ ఊడ్పులకీ కోతలకీ పోయేది. మా ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ణి నేనే మొదలు. నేను రాయడం ఎలా నేర్చుకున్నానని బళ్ళో పిల్లలు అడుగుతుంటారు. మా ఇంట్లో పుస్తకాలు లేవు. రేషన్ కార్డూ, అప్పు కాగితాలూ ఉండేవి. నేను నేర్చుకున్నది అర్జీలు రాసి.

పదో తరగతికొచ్చేసరికి మా వాడకంతటికీ రాయసగాణ్ణి నేనే. బోరు పాడైతే అర్జీ, పింఛను ఆగితే అర్జీ. అన్నిటికన్నా పెద్దది శ్మశానం దారి అర్జీ. పొలాల మధ్యనుంచి పోయే ఆ దారిని కలిపేసుకొని గట్టు వేసేశారు. శవాన్ని బురదలోంచి మోసుకుపోవాలి. 'దయతో మాకు దారి ఇప్పించవలసిందిగా వేడుకొనుచున్నాము' అని రాసి, అరుగు మీద కూర్చున్న వాళ్ళకి చదివి వినిపించాను. మా పెద్దమ్మ ఆపింది.

"ఏటిరా నాయినా, మన సచ్చినోల్లని మనం మోసుకెల్లడానికి ఆల్ల దయేటి? ఆ మాట కొట్టెయ్యి."

"మరేం రాయమంటావు పెద్దమ్మా?"

"దారి మనదని రాయి. ఎవులు మూసినారో రాయి. ఏ ఏడు మూసినారో రాయి."

ఆమెకి వేలిముద్ర తప్ప సంతకం రాదు. చరిత్ర రాయడానికి కావలసిన మూడు సంగతులూ ఆమే చెప్పింది. మూడు అర్జీలు గాలికి పోయాయి. నాలుగోదానికి సర్వేయరు గొలుసు పట్టుకొని వచ్చాడు.

2006లో డిగ్రీలో చేరాను. మన సాహిత్యం ఒకటుందని అప్పుడే తెలిసింది. జాషువా పద్యాలు బళ్ళో బట్టీ పట్టినవాణ్ణే గానీ, 'గబ్బిలం' మొత్తంగా చదివింది కాలేజీలోనే. 1941లో వచ్చిన ఆ కావ్యంలో గుడిలోకి పోలేని అరుంధతీయుడు, గుడిలోకి పోగలిగిన గబ్బిలంతో కాశీలోని శివుడికి తన గోడు కబురు పెడతాడు. అదీ అర్జీయే కదా అనిపించింది. అయితే ఆ అర్జీలో రాసిన సంగతులకి దేశమే తలదించుకోవాలి.

ఇంకాస్త వెనక్కి పోతే 1917 బెజవాడ సభ. భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన కూడిన మనవాళ్ళు 'పంచములు' అనే పేరు వద్దని, 'ఆది ఆంధ్రులం' అని చెప్పుకున్నారు. 1921లో కుసుమ ధర్మన్న, తెల్లదొరతనం వద్దని దేశమంతా పాడుతున్నప్పుడు, మరి మా మీదున్న నల్లదొరతనం మాటేమిటని అడిగాడు.

తర్వాత 1985 జులై 17, కారంచేడు, ఆరుగురు. 1991 ఆగస్టు 6, చుండూరు, ఎనిమిది మంది. ఆ నెత్తుటి తర్వాత వచ్చిన కవిత్వం 1995లో 'చిక్కనవుతున్న పాట'గా పుస్తకమైంది. విశాఖ హాస్టల్లో చదివే మా సీనియర్ అన్న దాన్ని జిరాక్స్ తీసి పంపాడు. రెండు రాత్రులు చదివాను. ఆ కవులు ఎవరి దయా అడగలేదు. మా పెద్దమ్మ కొట్టెయ్యమన్న మాటని వాళ్ళు పదేళ్ళ ముందే కొట్టేశారు.

ఆ రోజుల్లోనే బొబ్బిలి యుద్ధం మీద ఒక వ్యాసరచన పోటీ పెట్టారు. మట్టి మోసినవాళ్ళ గురించి అడుగుతూ రాశాను. 'విషయానికి సంబంధం లేదు' అని ఎర్ర సిరాతో రాసి తిప్పి పంపారు. మా వాడ మాట రాస్తే అదీ కొట్టేశారు. గురజాడ పుట్టిన ప్రాంతం ఇది. వాడుక భాష కోసం ఆయన పోరాడాడు, నిజమే. కానీ ఆ వాడుక ఎవరిది? 'నాను', 'ఏటి', 'ఎవులు' అనే మాటలు రావిశాస్త్రి కథల్లో పేదల నోట ఉన్నాయి. కథ చెప్పే గొంతు మాత్రం మాది కాదు. 2000లో వచ్చిన వేముల ఎల్లయ్య 'కక్క' నవల తెలంగాణ మాదిగవాడ మాటలోనే నడిచింది. సగం మాటలకి అర్థం అడిగి తెలుసుకున్నాను. వాళ్ళ వాడ మాట నవలైనప్పుడు మా వాడ మాట వ్యాసం ఎందుక్కాదు?

నిజమైన పరీక్ష 2012 జూన్ 12న వచ్చింది. అప్పటి శ్రీకాకుళం జిల్లా వంగర మండలం లక్ష్మీపేట. మద్దువలస రిజర్వాయర్ కోసం ప్రభుత్వం తీసుకొని, మునగకుండా మిగిలిన భూమిని దళితులు సాగుచేసుకుంటున్నారు. దాని మీదే గొడవ. ఐదుగురు దళితులను చంపేశారు. నేనప్పుడు బి.ఇడి. అయి డీఎస్సీకి చదువుకుంటున్నాను. కారంచేడు, చుండూరు మాకు పుస్తకాల్లో ఊళ్ళు. ఇది మా పక్క ఊరు. దాడి చేసినవాళ్ళని అగ్రవర్ణాలని రాసెయ్యడానికీ లేదు, బీసీ జాబితాలో ఉన్న తూర్పుకాపులు. పాత నినాదాల్లో ఈ సంగతి ఇమడలేదు. కవిత రాద్దామని కూర్చుంటే పెద్దమ్మ మాటే గుర్తొచ్చింది. భూమి ఎవరిది, ఎవరు తీసుకున్నారు, ఏ ఏడు తీసుకున్నారు, మునిగిందెంత, మిగిలిందెంత? అదే రాసుకుంటూ పోయాను. నేను రచయితనని నాకు నమ్మకం కుదిరింది ఆ కాగితాలతోనే.

ఇప్పుడు సర్కారు బళ్ళో పాఠం చెబుతున్నాను. మా పిల్లల్లో బజారు ఊడ్చే రెల్లి ఇళ్ళవాళ్ళున్నారు, పైడి ఇళ్ళవాళ్ళున్నారు. మాల మాదిగల గురించి అచ్చయినంత కూడా వాళ్ళ గురించి అచ్చు కాలేదు. మనలో మనం ఈ సంగతి గట్టిగా మాట్లాడుకోవాలి. వాళ్ళ తాతల పేర్లు, చేసిన పని, దొరికిన కూలి, పనిచేసిన ఏడు వాళ్ళ మాటల్లోనే నోటుబుక్కులో రాయిస్తున్నాను. తప్పులు దిద్దుతాను గానీ మాట మార్చను.

చదువుకునే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ చెప్పేదొకటే. మీ వాడలో ముసలాళ్ళు ఉండగానే వాళ్ళ దగ్గర కూర్చోండి. పేరు రాయండి, ఏడు రాయండి, ఎవరు ఏం చేశారో రాయండి. 'దయతో' అన్న మాట మాత్రం రాయకండి.