క్రిస్మస్‌కు నాలుగు రోజుల ముందు

1981 డిసెంబరు 21, సోమవారం సాయంత్రం. బ్రిటన్‌లో ఇంటింటా క్రిస్మస్ చెట్లు వెలుగుతున్నాయి. పిల్లా జెల్లా టీవీల ముందు చేరారు. బీబీసీ ఒకటో ఛానెల్లో నాలుగేళ్ళుగా వస్తున్న ‘బ్లేక్స్ సెవెన్’ అనే అంతరిక్ష సీరియల్‌కు ఆ రోజు ఆఖరి భాగం. తిరుగుబాటు నాయకుడు బ్లేక్‌ను అతని పాత సహచరుడు ఏవన్ కాల్చి చంపాడు. ఒకసారి కాదు, మూడుసార్లు కాల్చాడు. కాసేపటికి జట్టులో మిగతావాళ్ళూ ఒకరి తర్వాత ఒకరు కూలిపోయారు. శవం దగ్గర ఏవన్ ఒక్కడే నిలబడ్డాడు, చుట్టూ సర్కారు సైనికులు. తుపాకీ పైకెత్తి నవ్వాడు. బొమ్మ అక్కడే ఆగిపోయింది. పేర్లు పడుతుంటే వెనక కాల్పుల మోత. అంతే.

మన సీరియళ్ళలో చచ్చిపోయిన కోడలు ఆర్నెల్లకు వేరే మొహంతో తిరిగొస్తుంది. ఈ కథలో ఎవరూ తిరిగి రాలేదు. కోలారు జిల్లా ముళబాగిలు నుంచి మా పిన్నమ్మ కొడుకు ఫోన్‌లో “అన్నా, ఇన్నేళ్ళుగా ఆ దేశంలో ఉండావు గదా, వాళ్ళ చరిత్ర మాకు అర్థమయ్యేట్టు రోంత చెప్పు” అన్నప్పుడు నాకు రాజులూ రాణులూ తట్టలేదు, ఈ ముగింపే తట్టింది.

సీరియల్ పుట్టించినవాడు టెర్రీ నేషన్, వేల్స్‌లోని కార్డిఫ్ వాడు. ‘డాక్టర్ హూ’ అనే మరో సీరియల్‌లో పిల్లల్ని సోఫా వెనక దాక్కునేలా చేసిన డాలెక్‌లు కూడా అతని సృష్టే. 1978 జనవరి 2న వచ్చిన మొదటి భాగంలోనే కథ ఎటు పోతుందో చెప్పేశాడు. భూమ్మీద ఫెడరేషన్ అనే సర్కారు ఉంటుంది. జనం కప్పు వేసిన నగరాల్లో, తిండిలో నీళ్ళలో కలిపిన మత్తుమందుతో నోరు మెదపకుండా బతుకుతుంటారు. ఎదిరించిన బ్లేక్ మీద లేని నేరం మోపి, దూరగ్రహంలోని జైలుకు ఓడలో పంపేస్తారు. ఇది ఊహ అనుకునేరు. 1788 నుంచి 1868 దాకా ఈ దేశం తన ఖైదీలను ఆస్ట్రేలియాకు పంపింది ఇలాగే. నేషన్ చేసిందల్లా సముద్రం బదులు ఆకాశం పెట్టడమే.

డబ్బుల సంగతి కూడా చెప్పాలి. అంతకుముందు నడిచిన ఒక పోలీసు సీరియల్ బడ్జెట్టునే దీనికి అప్పగించారు. అంతరిక్ష నౌకలన్నీ ఆ చిల్లర డబ్బులతోనే ఎగరాలి. అందుకే ఏ గ్రహానికి వెళ్ళినా అది దక్షిణ ఇంగ్లండులోని ఏదో రాళ్ళ క్వారీయే. మన వాళ్ళు చూస్తే పకపకా నవ్వుతారు. కానీ ఆ క్వారీల్లో నిలబడి మాట్లాడిన మాటలు చౌకరకం కావు.

ఆ మాటలు ఏ దేశానివో అర్థం కావాలంటే కొన్నేళ్ళు వెనక్కి పోవాలి. 1973 చివర్లో చమురు ధర పెరిగింది, బొగ్గు గని కార్మికులు ఓవర్‌టైం మానేశారు. 1974 జనవరి నుంచి ఫ్యాక్టరీలకు వారానికి మూడు రోజులే కరెంటు ఇచ్చారు. రాత్రి పదిన్నరకు టీవీ కట్టేయాలని సర్కారే హుకుం ఇచ్చింది. దేశాన్ని ఏలేది మేమా, కార్మిక సంఘాలా తేల్చండి అని ప్రధాని హీత్ ఎన్నికలకు పోయి ఓడిపోయాడు. 1979 మేలో థాచర్ ప్రధానిగా వచ్చింది. 1981 ఏప్రిల్‌లో లండన్‌లోని బ్రిక్స్‌టన్, జూలైలో లివర్‌పూల్‌లోని టాక్స్‌టెత్ అల్లర్లలో తగలబడ్డాయి. పనిలేనివాళ్ళ సంఖ్య ముప్ఫై లక్షలకు చేరువైంది. బ్లేక్ చచ్చిన సాయంత్రం బయట ఉన్న దేశం ఇది.

ఇప్పుడు ఆ ఆఖరి భాగంలోకి పోదాం. రాసింది క్రిస్ బౌచర్, దర్శకత్వం మేరీ రిడ్జ్. కథ గౌడా ప్రైమ్ అనే గ్రహం మీద జరుగుతుంది. మొదట అది వ్యవసాయ గ్రహం, రైతులు వచ్చి స్థిరపడ్డారు. తర్వాత నేల కింద ఖనిజం బయటపడింది. రైతులు అడ్డొస్తారని గ్రహాన్ని ‘ఓపెన్’గా ప్రకటించి, చట్టాలన్నీ పక్కన పెట్టేశారు. గని కంపెనీల మనుషులు రైతుల్ని చంపి, తరిమి, భూములు పట్టారు. జట్టులోని సూలిన్ అనే అమ్మాయి తల్లిదండ్రుల్ని వాళ్ళు చంపింది అక్కడే. పని అయిపోయాక, గ్రహానికి మళ్ళీ మర్యాద కావాలని, పోగైన నేరస్థుల్ని ఏరేయడానికి తలకింత అని వేటగాళ్ళను పెట్టారు.

బౌచర్ మనసులో ఉన్నది అమెరికా పడమటి సినిమాలే, సందేహం లేదు. కానీ కోలారు జిల్లా మనిషి ఆ సీను చూస్తూ ఊరికే కూర్చోలేడు. బెంగళూరులో ఉన్న మాజీ సైనికుడు మైఖేల్ లావెల్ 1873లో మైసూరు సర్కారును కోలారులో బంగారం తవ్వడానికి అనుమతి అడిగాడు. 1880లో లండన్ నుంచి జాన్ టేలర్ అండ్ సన్స్ దిగింది. కార్న్‌వాల్ నుంచి గని దొరలు వచ్చారు. ఊరిగాం అనే పల్లె పేరు గని పేరైంది, మారికుప్పం రైలు స్టేషన్ పేరైంది. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు బెంగళూరు కన్నా ముందు గనులకు చేరింది. చాంపియన్ రీఫ్ గనిలో మూడు కిలోమీటర్ల లోతుకు పోయారు. కింద రాయి పేలితే పైన ఇళ్ళల్లో గిన్నెలు గలగలలాడేవని మా పెదనాయన చెప్పేవాడు.

ఒక తేడా మాత్రం ఉంది, అదే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. గౌడా ప్రైమ్‌లో కంపెనీ కోసం చట్టాన్ని తీసేశారు. మన దగ్గర కంపెనీ కోసం చట్టాన్ని బిగించారు. షిఫ్టు దిగి వచ్చినవాణ్ణి ఒళ్ళంతా తడిమి చూడటం, కంపెనీకి సొంత కాపలా దండు, అన్నీ పద్ధతి ప్రకారమే. 1930లో కూలీలందరి వేలిముద్రలు తీసుకుంటామంటే జనం గనులు వదిలి బయటికొచ్చేశారు. నన్నడిగితే చట్టం లేని దోపిడీకన్నా రిజిస్టరులో రాసుకున్న దోపిడీకే ఆయుష్షు ఎక్కువ. ఈ సంగతి బ్రిటిషు వాళ్ళకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. వాళ్ళ టీవీ రచయితే ఎందుకో దాన్ని వదిలేశాడు.

మరి బ్లేక్‌ను ఏవన్ ఎందుకు చంపాడు? బ్లేక్ ఆ గ్రహంలో తలల వేటగాడి వేషం కట్టాడు. పట్టుబడినవాళ్ళలో నిజంగా తిరగబడేవాడెవడో పరీక్షించి తనవైపు తిప్పుకోవడం అతని పథకం. జట్టులోని టారెంట్‌ను కూడా అలాగే పరీక్షించబోయాడు. టారెంట్ అది నిజమనుకుని తప్పించుకుని, బ్లేక్ మనల్ని అమ్మేశాడని ఏవన్‌తో చెప్పాడు. బ్లేక్ సమాధానం చెప్పబోయాడు, మాట సరిగ్గా కుదరలేదు. తుపాకీ పేలింది. ఇంతలో పరీక్ష నెగ్గి బ్లేక్ నమ్మకం సంపాదించిన ఆర్లెన్ అనే అమ్మాయే ఫెడరేషన్ అధికారి అని తేలింది. శత్రువును నమ్మాడు, మిత్రుణ్ణి పరీక్షించాడు.

నేను బార్న్‌స్లీ దగ్గర ఉంటాను, ఒకప్పటి బొగ్గు ఊరు. పక్కింటి పెద్దాయన ముప్ఫై ఏళ్ళు గనిలో పనిచేశాడు. కిందికి దిగేటప్పుడు ఇచ్చే ఇత్తడి బిళ్ళను ఇప్పటికీ తాళాల గుత్తికి తగిలించుకుని ఉంటాడు, నెంబరు అరిగిపోయి కనపడదు. ఈ భాగాన్ని నాకు చూపించింది ఆయనే. 1984 మార్చిలో గనుల మూసివేతకు ఎదురుగా సమ్మె మొదలైంది, ఏడాది నడిచింది. దేశమంతా ఓటు పెట్టలేదు గదా, మేమెందుకు ఆపాలి అని పక్క జిల్లా నాటింగ్‌హామ్‌షైర్‌లో చాలామంది పనికి పోయారు. సమ్మె చేసినవాళ్ళు అన్నదమ్ములు పనికి పోయింది మరవలేదు. మా పెద్దాయన తమ్ముడు అటువైపే ఉన్నాడు. ఇద్దరికీ మాటల్లేవు. “1981లోనే మాకు రాసి చూపించారు, మేము అంతరిక్షం అనుకున్నాం” అన్నాడు టీ కలుపుతూ.

బ్లేక్ వేషం వేసిన గారెత్ థామస్ రెండో సీజన్ తర్వాతే వెళ్ళిపోయాడు. చివర్లో తిరిగి రమ్మంటే ఒకే షరతు పెట్టాడు: మళ్ళీ బతికించడానికి వీల్లేకుండా చంపాలి. అందుకే అందరిలో అతని ఒంటి మీదే అంత నెత్తురు. ఈ దేశం మూసేయాలనుకున్నదాన్ని అలాగే మూస్తుంది. చివరి లోతు బొగ్గు గని కెల్లింగ్లీ 2015 డిసెంబరు 18న ఆగింది, తర్వాత దాని షాఫ్టులు పూడ్చేశారు.

మన కోలారు బంగారు గని 2001 ఫిబ్రవరి 28న ఆగింది. కానీ ఆగిందని ఎవరూ గట్టిగా చెప్పలేదు. ఎన్నికలొస్తే తెరుస్తామంటారు, కోర్టులో కేసు నడిచింది, సైనైడు దిబ్బల్లో ఇంకా బంగారం ఉందంటారు. గని క్వార్టర్స్ పిల్లలు మాత్రం తెల్లవారుజామున మారికుప్పంలో రైలెక్కి బెంగళూరుకు పనికి పోతున్నారు. మా తమ్ముడు కూడా ఈ మధ్య ఫోన్‌లో అదే అడిగాడు, మీ ఇంగ్లండు కంపెనీ ఏదైనా టెండరు వేస్తుందా అని.