మా ఆటలన్నీ పొరుగూరి ఆటలే

ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నోళ్ళు మ్యాచ్‌లను రెండుగా విడగొడతారు. సొంతూళ్ళో జరిగేది ఒకటి, జట్టు వెంట పొరుగూరికి పోయి చూసేది ఇంకొకటి. మొదటిదానికి అందరూ పోతారు. రెండోదాని దగ్గరే లెక్కలు మొదలవుతాయి. సెలవుందా, రైలుందా, జేబులో డబ్బుందా, ఎదుటి జట్టు మేటిదా? మా తిరుపతి, చిత్తూరు వైపు ఆ మొదటి రకమే లేదు. పేరున్న జట్టేదీ ఈడ పుట్టలేదు. మాకు ప్రతి ఆటా పొరుగూరి ఆటే. మాలపల్లె నుంచి వచ్చిన నాబోటివాడికి ఆ లెక్కలో ఇంకో ప్రశ్న కూడా ఉండాది: ఆడికి పోతే నీళ్ళు ఎట్లా ఇస్తారు?

నేను ప్రభుత్వ బడిలో సాంఘిక శాస్త్రం చెప్పే పంతుల్ని. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి. నేను చెప్పే పాఠాల్లో రాజులుంటారు, యుద్ధాలుంటాయి, ఈ నీళ్ళ ప్రశ్న మాత్రం ఉండదు. అందుకే రాస్తున్నా.

1911వ సంవత్సరాన్నే తీసుకోండి. ఏప్రిల్ 1న ఉత్తర ఆర్కాటు నుంచి కొన్ని తాలూకాలు, కడప నుంచి కొన్ని కలిపి చిత్తూరు జిల్లా చేసినారు. జూలై 29న కలకత్తాలో మోహన్ బగాన్ జట్టు తెల్ల సిపాయిల ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును 2-1తో ఓడించి ఐఎఫ్ఏ షీల్డు గెలిచింది. పదకొండుమందిలో పదిమంది వట్టి కాళ్ళతో ఆడినారు. ఆ ఆట చూసేదానికి వచ్చే జనం కోసం ప్రత్యేక రైలు వేసినారు, ఎక్కువ స్టీమర్లు నడిపినారు. దేశమంతా పొంగిపోయింది. అదే ఏడు పల్వంకర్ బాలూ భారత క్రికెట్ జట్టుతో ఇంగ్లండు పోయి వందకు పైగా వికెట్లు తీసినాడు. ఆయన చమార్ కులస్తుడు. పూనాలో ఆడే రోజుల్లో ఆయన బంతి అందరికీ కావాల్సొచ్చింది, ఆయన తాగిన కప్పు మాత్రం ఎవరికీ అక్కర్లేదు. తోటి ఆటగాళ్ళు లోపల కూచోని పింగాణీ కప్పుల్లో టీ తాగితే, ఆయనకు బయట మట్టి ముంతలో పోసినారు. తెల్లోళ్ళ మీద గెలుపుకు రైళ్ళు కట్టుకొని పోయిన దేశమే ఇది కూడా చేసింది. రెండూ కలిపి చెబితేనే ఆ ఏడాది చరిత్ర పూర్తవుతుంది.

మా ఇంట్లోకి ఫుట్‌బాల్ కోలారు బంగారు గనుల నుంచి వచ్చింది. 1880లో జాన్ టేలర్ కంపెనీ గనులు మొదలుపెట్టినాక ఉత్తర ఆర్కాటు, చిత్తూరు, సేలం పల్లెల నుంచి కూలీలు పోయినారు. ఎక్కువమంది మనోళ్ళే. ఊళ్ళో సెంటు భూమి లేనోళ్ళకు ఆడ భూమి అడుగున పని దొరికింది. 1902కే శివసముద్రం నుంచి గనులకు కరెంటు వచ్చింది. కూలీలది మాత్రం వెదురు తడకల గుడిసెల బతుకు. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు. బండలు పగిలి మీదపడి పోయినోళ్ళు కొందరు, ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము చేరి పోయినోళ్ళు కొందరు. ఆ లైన్ల పక్కనే, మారికుప్పంలో, అయోతిదాస పండితుని శాక్య బౌద్ధ సంఘానికి శాఖ లేచింది. తలెత్తుకోవడం ఆడ నేర్చుకున్నారు. దొరలకు క్లబ్బు, గోల్ఫ్ మైదానం వేరే ఉండేవి. ఫుట్‌బాల్ మాత్రం ఆ గోడ దాటి లైన్లలోకి దిగింది. ఇరవై రెండుమందికి ఒక్క బంతి చాలు. బ్యాటు కొనే పని లేదు, తెల్ల ప్యాంటు కుట్టించే పని లేదు.

మా తాత పలమనేరు పక్కనుంచి పోయి ఆ గనుల్లోకి దిగినాడు. 1956లో మైసూరు ప్రభుత్వం గనుల్ని తీసుకున్నాక కూడా ఆడే ఉన్నాడు. గంగజాతరకు ఊరికి రమ్మంటే, బెంగుళూరులో మ్యాచ్ ఉందని మారికుప్పంలో రైలెక్కి బంగారుపేట మీదుగా పోయేవాడంట. 1967-68, 1968-69ల్లో మైసూరు జట్టు వరసగా సంతోష్ ట్రోఫీ గెలిచిన కాలం అది. పెండ్లాం బిడ్డల్ని వదిలి బంతి చుట్టూ తిరుగుతాడని మా అవ్వ చచ్చేదాకా తిట్టింది. నేనడిగితే తాత ఒకటే చెప్పినాడు: “ఆడ టికెట్టు కొంటే కూసోనిస్తార్రా. ఊళ్ళో అరుగు మీద వట్టిగా కూడా కూసోనీరు.” ఏ ఆటకు పోవాలో తేల్చుకునేదానికి అంతకంటే గట్టి కారణం నేను ఇంతవరకు వినలేదు.

తాత తెచ్చిన బంతితో మా నాయన, ఆయన జతగాళ్ళు పల్లెలో జట్టు కట్టినారు. చుట్టుపక్కల ఊళ్ళకు పోయి ఆడేవాళ్ళు. వాళ్ళ లెక్కలో ఊళ్ళు మూడు రకాలు. గ్లాసులో నీళ్ళిచ్చే ఊరు, దోసిట్లో పోసే ఊరు, అసలు పిలవని ఊరు. మొదటి రకానికి ఎంత దూరమైనా నడిచిపోయినారు. రెండో రకానికి బిందె నెత్తిన పెట్టుకొని పోయినారు. అట్లాంటి ఒక ఊళ్ళో గెలిచినాక కొట్లాట లేచింది. గోలు కొట్టినందుక్కాదు, బంతి లాక్కునేటప్పుడు పెద్దకులపోడికి కాలు తగిలిందని. రాత్రికి రాత్రే చెరుకు తోటల్లో దాక్కుంటా ఇల్లు చేరినారు.

కాలు తగలడం ఎంత దూరం పోతుందో 1991లో లోకమంతా చూసింది. గుంటూరు జిల్లా చుండూరులో సినిమా హాల్లో కాలు తగిలిందనే దగ్గర మొదలైన గొడవ ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల ప్రాణాలు తీసింది. ఆ పేపరు చదివించుకొని విన్నాక మా నాయన వాళ్ళు పొరుగూర్ల మ్యాచ్‌లు మానుకున్నారు. ఫుట్‌బాలంటే కాళ్ళు తగిలే ఆట. తగలకుండా ఎట్లా ఆడతారు?

ఈ దేశానికి ఫుట్‌బాల్ నేర్పినోడూ ఒక బడిపంతులే, హైదరాబాదు రహీం సాబ్. ఆయన తయారుచేసిన సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన చేతికింద భారత జట్టు 1951లో, 1962లో ఏషియాడ్ బంగారు పతకాలు తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1963లో ఆయన పోయినాడు. తెలుగోళ్ళం గొప్పగా చెప్పుకోవాల్సిన చరిత్ర ఇది. అయినా మా చిత్తూరోళ్ళకు హైదరాబాదు దూరం, మద్రాసు, బెంగుళూరే దగ్గర.

2014లో ఇండియన్ సూపర్ లీగ్ వచ్చినాక నా లెక్కలు మొదలైనాయి. చెన్నైయిన్ జట్టును పట్టుకున్నా. పొద్దున పోయి రాత్రి బస్సుకు తిరిగి రాగలిగితే చెన్నై, మరునాడు సెలవుంటే బెంగుళూరు. 2018 మార్చి 17న బెంగుళూరు కంఠీరవ స్టేడియంలో ఫైనల్. మరునాడు ఉగాది, సెలవు. వేరే ఆలోచన లేకుండా పోయినా. బెంగుళూరు సొంత గడ్డ మీదే మావోళ్ళు 3-2తో గెలిచినారు. పక్కనున్న తమిళాయన ఎవురో ఏమో, నన్ను వాటేసుకొని ఏడ్చినాడు. పేరడగలేదు, కులమడగలేదు. తిరుగు బస్సులో చిత్తూరాయన ఒకరు ఆట గురించి గంటసేపు కమ్మగా మాట్లాడి, దిగబోయే ముందు అడిగినాడు: “మీ ఊళ్ళో మీది ఏ వీధి సార్?” స్టేడియం ఇచ్చే సమానత్వం తొంభై నిముషాలే. అది తక్కువని నేననను. తాతకు అది కూడా రైలెక్కితేనే దొరికింది.

తాత దిగిన గనుల్ని 2001 ఫిబ్రవరి 28న మూసేసినారు. బంతి మాత్రం మిగిలింది. మా బడి ఆడపిల్లలు ఇప్పుడు ఫుట్‌బాల్ ఆడతారు. పొరుగు బడులు పిలిస్తే పోతాం. ఏ పిలుపుకు పోవాలో నేనొక్కణ్ణే తేల్చను, పిల్లలతో కూచోని తేలుస్తా. అందుకని ఒక నోటుబుక్కు పెట్టినాం. తేదీ, ఊరు, గోల్స్ రాస్తాం. నాలుగో గడి నీళ్ళది. ఎవరు ఇచ్చినారు, దేంట్లో ఇచ్చినారు, అందరికీ ఒకే రకంగా ఇచ్చినారా? ఆ గడి పిల్లలే నింపుతారు. నేను దిద్దను.