కాళహస్తిలో కలం పట్టిన ఇళ్ళు

శ్రీకాళహస్తి వెళితే రాహుకేతు పూజ చేయించుకుని తిరుగు బస్సెక్కేస్తాం కదా. ఈసారి కలంకారీ వేసే ఇళ్ళకీ ఒక పూట ఉంచుకోండి.

అప్పట్లో ఇవి చీరలు కావు. గుళ్ళో దేవుడి వెనక కట్టే తెరలు, రామాయణం గళ్ళుగళ్ళుగా గీసి కింద తెలుగులో కథ రాసిన పటాలు. అవి అడిగేవాళ్ళు తగ్గాక పని దాదాపు ఆగిపోయింది. 1950ల్లో కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో ఇక్కడ శిక్షణ కేంద్రం వచ్చింది కాబట్టి నిలిచింది. మగవాళ్ళ చేతిలో ఉండే కలం తర్వాత ఆడవాళ్ళ చేతికీ వచ్చింది. నాకు నచ్చిన సంగతి ఇదే.

సరంజామా అంతా వంటింటిదే! కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో బట్ట నానబెడతారు. పాలలో కొవ్వు వల్ల రంగు పాకదు. తుప్పుపట్టిన ఇనుపముక్కలు, బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరతాయి. ఆ నీళ్ళు కరక్కాయ పట్టిన బట్టకి తగలగానే నల్లబడతాయి. వెదురుపుల్లకి చుట్టిన గుడ్డను నొక్కుతూ గీస్తారు. గీత తప్పితే చెరపడం కష్టం.

అచ్చులతో వేసే పెడన కలంకారీ వేరు, అదీ మంచిదే. స్క్రీన్ ప్రింటుని కూడా ఇదే పేరుతో అమ్మేస్తున్నారు, దానితోనే చిక్కు. బేరానికి ముందు వాసన చూడండి, కొత్త చేతిపని బట్టకి పాలవాసన ఉంటుంది. ఎన్ని రోజులు పట్టిందో గీసినామెనే అడిగి, అప్పుడు ధర మాట్లాడండి.