పాయిగా: గుర్రపుశాల పేరు పెట్టుకున్న జాగీరు

మాదన్నపేట నుంచి సంతోష్‌నగర్ దిక్కుగా పోతే పిసల్‌బండలో పాయిగా అమీర్ల సమాధులున్నాయి. గచ్చుతో తీర్చిన లతలూ, జాలీలూ చూడటానికి జనం వస్తారు. ఆ పనితనాన్ని గురించి చాలామంది రాశారు. కాని ఆ వంశం పేరులోనే దాగి ఉన్న కట్టడాన్ని గురించి అడిగినవాళ్లు తక్కువ. పాయిగా అన్న పారశీక పదానికి హోదా అనే అర్థం ఉన్నమాట నిజమే. అయితే ఢిల్లీ సుల్తానుల కాలపు చరిత్రల్లో ఆ మాట ప్రభువు గుర్రపుశాలకు చెల్లింది. మరాఠీలో 'పాగా' అంటే గుర్రపుశాలే. నిజాం తరువాత అంతటివాళ్లు గుర్రపుశాల పేరుతో చెలామణి కావడంలో వింత లేదు. గుర్రాలనూ రౌతులనూ పోషించి, అడిగినప్పుడు పంపాలన్న షరతు మీదనే వాళ్లకు ఊళ్లు దక్కాయి.

అంటే గుర్రపుశాల మొదట ఒక లెక్క, ఆ తరువాతే కట్టడం. సొంత గుర్రం ఉన్నవాడు సిలేదారు. దొర గుర్రమెక్కినవాడు బర్గీరు. లెక్కలో గుర్రాలుండి లాయంలో లేకపోవడం ఎంత పాత రోగమంటే, అలాఉద్దీన్ ఖిల్జీ నాడే గుర్రాలకు వాతలు వేయించాల్సి వచ్చింది. (ఈ పేటకు పేరిచ్చిన మాదన్న, గోల్కొండ చివరి సుల్తాను మంత్రి, దండు నడిపినవాడు కాడు, ఖజానా నడిపినవాడు. 1687లో కోట కూలకముందే చంపబడ్డాడు.)

ఆ లెక్క చివరకు ఎక్కడ తేలింది? చేనులో. గుర్రానికి రోజూ ఉలవ గుగ్గిళ్లు కావాలి, గడ్డి కావాలి. ఆ ఉలవలు మెట్టచేలల్లో పండినవి. అధికారి ఊళ్లో దిగితే గుర్రానికి గడ్డి మోయడం వెట్టివాడి వంతు. ఉలవ ఉడికిన నీళ్లను చారు చేసుకున్న జాతి మనది. గింజ పశువుకు, నీళ్లు మనిషికి!

ఇక కట్టడం. నగరంలోని దేవిడీల్లో సింహద్వారం ఎత్తును నిర్ణయించింది మనిషి కాదు, గుర్రమెక్కిన మనిషి. గొప్పవాళ్ల ఇళ్లలో అంబారీ ఏనుగు. లోపలికి రాగానే మొదటి వాకిలి గుర్రాలదీ, బగ్గీలదీ, నౌకర్లదీ. దివాన్‌ఖానా ఆ తరువాత, జనానా అన్నిటికన్నా లోపల. గుర్రపుశాలకు వాలు నేల కావాలి, మూత్రం నిలిస్తే డెక్క కుళ్లుతుంది. గాలి పైనుంచి పోవాలి, ఘాటు కళ్లకు తగలకుండా. ఇంత శాస్త్రం తెలిసిన వ్యవస్థ, ఆ గుర్రం పక్కనే పడుకున్న సైసు కళ్ల గురించి ఏమీ ఆలోచించలేదు.

గుర్రపుశాలలు మనకెందుకు మిగల్లేదు? ఎక్కువభాగం కర్ర నిట్రాళ్లూ, మట్టిగోడలూ, పెంకులూ కనుక. హంపిలో ఏనుగుల శాలగా పేరుపడిన కట్టడం, ఒకే వరుసలో పదకొండు గదులతో, రకరకాల గుమ్మటాలతో నిలిచి ఉందంటే, అది రాతితో, సున్నంతో కట్టడం వల్ల. గుమ్మటం కింద కట్టేసిన జంతువు వైభవ చిహ్నం; దాన్ని చూపించుకోవాలి. అదే రాయలవారికి ఏటా పదమూడు వేల ఓర్ముజు గుర్రాలు కొనేవారని నూనిజ్ రాశాడు. అన్ని గుర్రాల్ని కట్టేసిన శాలలేవీ ఆ ఏనుగుల శాలలా నిలబడి లేవు.

సాహిత్యమూ ఈ దారినే నడిచింది. మనుమంచి భట్టు తెలుగులో గుర్రాల లక్షణాలమీద ఏకంగా కావ్యం రాశాడు. సుళ్లూ, రంగులూ, నడకలూ అన్నీ పద్యాలకెక్కాయి. సైసు మీద కావ్యం అంకితం పుచ్చుకునే ప్రభువెవడు?

1884లో పాయిగా అమీరు వికారుల్ ఉమ్రా ఫలక్‌నుమాకు పునాది వేసేనాటికి రౌతుతో గెలిచే యుద్ధాల కాలం గడిచిపోయింది; షరతు చచ్చింది, జాగీరు బతికింది. 1949లో జాగీర్లు రద్దయ్యేదాకా రైతు ఆ గుర్రాలకు శిస్తు కడుతూనే వచ్చాడు. బేగంబజారు పక్కన ఫీల్‌ఖానాలో ఏనుగులు లేవు, అంగళ్లున్నాయి. తబేలా అన్న మాట మాత్రం పాతబస్తీలో ఇంకా వాడుకలో ఉంది, పాలకోసం గేదెల్ని కట్టేసే చోటుకు.